‘ఏం లేదు’ అన్నాక ఏం చేయాలి?

బస్సెక్కగానే గుండె దడ. అరచేతుల్లో చెమట. గుండెపోటేనని ఆసుపత్రికి పరుగు. ఈసీజీ మామూలే, టూడీ ఎకో మామూలే. ‘ఏం లేదు, గ్యాస్ అయ్యుంటుంది. టెన్షన్ పెట్టుకోకండి’ అని పంపించేస్తారు. ఎలా పెట్టుకోకూడదో మాత్రం ఎవరూ చెప్పరు. మర్నాటి నుంచి ఆ మనిషి బస్సెక్కడమే మానేస్తాడు.

పానిక్ డిజార్డర్ అనే ఈ బాధకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే సీబీటీ, బాగా పనిచేస్తుంది. ఇది ఓదార్పు కాదు, కసరత్తు. దడ మొదలవగానే ఏమనిపించింది, అప్పుడేం చేశారు అన్నది థెరపిస్టు ముందు కాగితం మీద రాయిస్తారు. ‘చచ్చిపోతాననిపించింది. దిగిపోయాను.’ దిగబట్టే బతికానన్న నమ్మకం అలా దిగిన ప్రతిసారీ ముదురుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. అందుకే కావాలనే గబగబా మెట్లెక్కి దిగమంటారు. గుండె దడదడలాడుతుంది, ఆయాసం వస్తుంది, కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది. ఆ తర్వాత బస్సులో ఒక స్టాపు, ఇంకోరోజు రెండు.

ఈ దారి వేసినవారిలో ముఖ్యుడు ఫిలడెల్ఫియా సైకియాట్రిస్టు ఆరన్ బెక్. ఫ్రాయిడ్ సంప్రదాయంలో శిక్షణ పొందినవాడే. అయితే డిప్రెషన్ రోగుల్లో ‘నేనెందుకూ పనికిరాను’ వంటి ఆలోచనలు వాటంతటవే మెదలడం గమనించి, 1960ల్లో వాటిని సాక్ష్యాలతో సరిచూసుకునే పద్ధతి రూపొందించాడు. ఆందోళన, ఓసీడీ, నిద్రలేమికీ సీబీటీ పనికొస్తుంది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి జబ్బుల్లో మాత్రం సాధారణంగా మందులే ముఖ్యం, ఇది వాటికి తోడు. ‘మందులు మానేసి నా దగ్గరికి రండి’ అనేవారి గుమ్మం తొక్కకపోవడమే మంచిది.

మరి చేసేవాళ్లేరీ? మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టులు తక్కువ, ఉన్నవారిలో ఎక్కువమంది నగరాల్లోనే. వారి సంఖ్య పెరిగేదాకా పల్లెలు ఆగాల్సిన పనిలేదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో డిప్రెషన్‌తో ఉన్న గర్భిణులకు లేడీ హెల్త్ వర్కర్లే సీబీటీ మెలకువలు నేర్పారు. ప్రసవమైన ఆరు నెలలకు వారిలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. ఆ పద్ధతి అందని పల్లెల్లో అది 53 శాతం. ఈ ఫలితాలు 2008లో లాన్సెట్‌లో వచ్చాయి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఆశా కార్యకర్తలకు ఈ శిక్షణ ఇవ్వాలి. ఇప్పటికే సర్వేలతో సతమతమవుతున్నవారి నెత్తిన ఇంకో రిజిస్టరు పెట్టి ఊరుకుంటే కుదరదు. పనికి తగ్గ డబ్బు ఇవ్వాలి, వెనక ఒక నిపుణుడు ఉండాలి. రావల్పిండిలోనూ హెల్త్ వర్కర్లను శిక్షణతో వదిలేయలేదు, నెలనెలా కూర్చోబెట్టి కేసులు మాట్లాడించారు.