కూతను మింగిన గడియారం

"పవన్ తప్పు చేసిండా, చెయ్యలేదా?"

2025 సెప్టెంబరులో ఒక రాత్రి కరీంనగర్ గీతాభవన్ చౌరస్తా దగ్గర, ఒక చాయ్ కొట్టు ముందర ఈ ఒక్క ప్రశ్న మీద రెండు గంటలు లొల్లి నడిచింది. చక్కెర డబ్బాకు ఆనించిన ఫోన్‌లో ప్రో కబడ్డీ మ్యాచ్ నడుస్తూనే ఉంది, దాన్ని చూసే నాథుడు లేడు.

అసలు జరిగింది ఎంత? మా ఆటగాడు పవన్ సెహ్రావత్‌ను క్రమశిక్షణ కారణాల మీద ఇంటికి పంపించాం, ఈ సీజన్‌లో ఇక ఆడడు అని తమిళ్ తలైవాస్ యాజమాన్యం సోషల్ మీడియాలో రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకుంది. ఏం తప్పు చేశాడో అందులో లేదు. ఎవరు విచారించారో లేదు. అతని మాట ఎవరైనా విన్నారో లేదో అసలే లేదు. తన మీద పడ్డ నింద నిజం కాదని అతను తర్వాత చెప్పుకున్నాడు. మన కొట్టు దగ్గర మాత్రం అప్పటికే తీర్పులు పడిపోయాయి. "పైసలెక్కువైతే గట్లనే ఉంటది" అని ఆటో తమ్ముడు. "పెద్ద ప్లేయరన్నంక జర టెక్కు ఉండదా అన్నా" అని మెడికల్ షాపు పిలగాడు. రిటైరైన పీఈటీ సార్ ఒకాయన మాత్రం గ్లాసు కింద పెట్టి, "కాగితమేది?" అన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ రాత్రి అక్కడ పుట్టిన మాటల్లో పనికొచ్చే మాట అదొక్కటే.

నేనూ ఆ గుంపులోనే ఉన్నాను, మూడు చాయ్‌లు తాగి నోరు మూసుకుని ఇంటికొచ్చాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నా. పన్నెండు సీజన్ల నుంచి మనం ఆటగాళ్ల మీద తీర్పులు చెబుతూనే ఉన్నాం. ఆటను గుప్పిట్లో పెట్టుకున్నవాళ్లను ఒక్కసారి కూడా నిలదీసింది లేదు.

మాది జగిత్యాల వైపు. వరి కోతలైనాక కళ్లంలో నీళ్లు చల్లి, పొయ్యిలోంచి తెచ్చిన బూడిదతో గీత గీస్తే అదే మా కోర్టు. కూత తెగితే అవుట్. అంతకు మించిన నియమం మాకు తెలియదు. ఊళ్లో ఒక తాత ఉండేవాడు, చూపు సరిగా ఆనదు, అయినా అంపైరు ఆయనే. కూతకు పోయినవాడి వెంట తల పక్కకు వంచి నడిచేవాడు. "తెగింది" అన్నాడంటే తెగినట్టే. కళ్లు లేని మనిషి చెవితో నడిపిన ఆట అది. ఊపిరే కొలత, ఊపిరే గడువు.

ఇప్పుడు ఆ గడువు 30 సెకన్లు. రూల్ బుక్కులో కూత ఇంకా బతికే ఉంది, పెట్టాల్సిందే. కానీ టీవీలో చెవి పెట్టి వినండి. పాట వినిపిస్తుంది, వ్యాఖ్యాత అరుపు వినిపిస్తుంది, చివర్లో బజర్ వినిపిస్తుంది. కబడ్డీ కబడ్డీ అన్న మాట ఒక్కటే వినిపించదు.

పాతదంతా బంగారం అనే రకాన్ని కాదు నేను. డూ ఆర్ డై రైడ్ మంచి మార్పు. రెండు కూతలు వట్టిగా పోతే మూడో కూతలో పాయింటు తేవాలి, లేకుంటే అవుట్. ముందంజలో ఉన్న జట్టు గీత దగ్గర కాలు ఊపి వెనక్కి వచ్చే దొంగాటకు దాంతో తెర పడింది. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పట్టు పడితే ఒక పాయింటు ఎక్కువ ఇచ్చే సూపర్ టాకిల్ కూడా అంతే, ఓడిపోతున్నవాడికి ఊపిరి పోసింది. ఆ నియమాలు తెచ్చినవాళ్లకు దండం పెడతా.

2025లో తెచ్చినదానికి మాత్రం పెట్టను. లీగ్ దశలో 40 నిమిషాలు ఆడి సమానంగా నిలిస్తే ఇన్నాళ్లూ రెండు జట్లూ పాయింట్లు పంచుకునేవి. ఇప్పుడు టై అన్నదే ఉండొద్దట. చెరి 5 కూతల షూటౌట్, అక్కడా తేలకపోతే గోల్డెన్ రైడ్. ఆ షూటౌట్‌లో అవుటైనవాడు బయటికి పోడు, బయటున్నవాడు లోపలికి రాడు. చచ్చి బతకడమే కదయ్యా కబడ్డీ అంటే! ఆ ప్రాణం తీసి పక్కన పెట్టి మిగిలినదానికి అదే పేరు తగిలించారు. ఎందుకంటే టీవీకి గెలుపోటమి కావాలి. ఈ లీగ్‌ను నడిపే మషాల్ స్పోర్ట్స్ కంపెనీలో పెద్ద వాటా స్టార్ వాళ్లది, అంటే మ్యాచ్‌ను ప్రసారం చేసేవాళ్లదే. బొమ్మ అమ్ముకునేవాడే నియమం రాస్తున్నాడు.

సరే, రాసుకోనీ. రాసిన నియమం అందరికీ ఒకటేనా?

2023 అక్టోబరు 7, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు, మగవాళ్ల ఫైనల్. భారత్ 28, ఇరాన్ 28. ఇంకా నిమిషం పైచిలుకు ఉంది. ఇదే పవన్ డూ ఆర్ డై కూతకు పోయాడు. ఎవరినీ తాకకుండానే లాబీలో, అంటే కోర్టు పక్క పట్టీలో, కాలు పెట్టాడు, అతని వెంట ఇరాన్ డిఫెండర్లూ లాబీలోకి దూకారు. పాత నియమం ప్రకారం తాకకుండా లాబీలోకి వచ్చినవాళ్లంతా అవుట్. ప్రో కబడ్డీలో వాడే కొత్త నియమం ప్రకారం కూతకు పోయినవాడొక్కడే అవుట్. మరి ఆసియా ఫైనల్‌లో ఏది చెల్లాలి? అంపైర్లకు తెలియలేదు. ఒకసారి ఇటు, ఇంకొకసారి అటు తీర్పు మార్చారు. ఆటగాళ్లు మ్యాట్ మీద బైఠాయించారు. దాదాపు గంట ఆట ఆగింది. చివరికి మనకు 33-29తో బంగారం వచ్చింది, మనం ఇక్కడ టపాకులు కాల్చాం. నేనూ కాల్చాను. ఆసియా మొత్తానికి పెద్ద మ్యాచ్‌లో ఏ రూలు నడుస్తుందో అంపైర్లకే తెలియకపోతే ఆ ఆటను నడుపుతున్నవాళ్లను ఏమనాలో ఆ రాత్రి నాకు తట్టలేదు. రెండు మూడు రోజుల్లోనే వేలంలో తెలుగు టైటాన్స్ అదే పవన్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనుక్కుంది. మన ముచ్చట మళ్లీ పైసల మీదికి మళ్లింది.

హాంగ్‌ఝౌ దూరం అనుకుంటారేమో. రెండేళ్ల కిందట ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలలో చదివే ఒక గోండు పిలగాడు రాష్ట్రస్థాయి పోటీలకు వచ్చాడు. వాళ్ల సారు నాకు దోస్తు, అందుకే పోయి చూశాను. పిలగాడు ఉడుతలాంటివాడు. ఇంటి దగ్గర రేగడి మట్టిలో, ఉత్తకాళ్లతో, ఎదుటివాడి మడమ అందుకున్నాడంటే ఇక వదలడు. అక్కడ మాత్రం నీలం మ్యాట్ పరిచి ఉంది. బూట్లు తప్పనిసరి. ఎవరివో అడుక్కొచ్చిన బూట్లు, ఒక సైజు పెద్దవి, వేళ్ల దగ్గర గుడ్డ కుక్కి తొడుక్కున్నాడు. మొదటి కూతలోనే పక్కకు తిరగబోయాడు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. బయటికి మోసుకొచ్చాక, మోచెయ్యి తోలు లేచిపోయి ఎర్రగా మండుతుంటే, దాన్ని చూసుకోకుండా వాడన్న మాట ఇది: "మట్టిల కాలు ఇంత జారి ఆగుతది సారూ. దీని మీద అతుక్కపోతది."

నియమాల మార్పు మీద నేను విన్న గొప్ప వ్యాఖ్యానం అదే. మట్టి నుంచి మ్యాటుకు మారడం కబడ్డీ చరిత్రలోనే పెద్ద రూలు మార్పు, దాని మీద ఏ చాయ్ కొట్టు దగ్గరా లొల్లి కాలేదు. పూర్తి మ్యాట్ అంటే లక్షల రూపాయల మాట. సెలక్షన్ మ్యాట్ మీద పెడతారు, పిల్లలు మాత్రం మట్టి మీదే పెరుగుతారు. ఈత నేర్పని పిల్లను బావిలో దించి, మునిగితే ప్రతిభ లేదనడం ఇది. ఆ పిలగాడి పేరు పక్కన ఏం రాసుకున్నారో చూశాను. "అన్‌ఫిట్."

సర్కారు ఏం చేసింది అంటారా? 2022 జూన్‌లో ఊరూరా క్రీడా ప్రాంగణాలని ఆర్భాటంగా మొదలుపెట్టారు. మా పక్క ఊరి ప్రాంగణం బోర్డు ఇంకా తళతళలాడుతోంది. దాని వెనక కబడ్డీ కోర్టు ఉండాల్సిన చోట పోయిన ఏడు మక్కలు ఆరబోశారు. రైతును తప్పు పట్టను, ఖాళీ జాగా ఊరికే ఎందుకు ఉంచుతాడు? కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ప్రాంతీయ క్రీడా పాఠశాలలు ఉన్నాయి, మంచిదే. కానీ ఒక్కో పాత జిల్లా నాలుగేసి జిల్లాలైన ఈ నేలకు ఆ రెండు బడులు ఏ మూలకు?

ఇంత జరుగుతుంటే మనం ఎవరి కోసం చొక్కాలు చింపుకుంటున్నాం? తెలుగు టైటాన్స్ కోసం. పేరు మనది. పేరు తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు, సిద్ధార్థ్ దేశాయ్ మహారాష్ట్ర వాడు, పవన్ ఢిల్లీ వాడు, 2025లో కెప్టెన్ విజయ్ మలిక్ హర్యానా వాడు. వాళ్ల చెమట మీద నాకు గౌరవమే, ఎక్కడివాడైనా ఆడనీ. 2021-22లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలిచినా, ఆ తర్వాతి రెండు సీజన్లలో రెండేసి గెలిచినా మనం జెండా దించలేదు. 2025లో రెండో క్వాలిఫయర్ దాకా వస్తే ఊరేగినంత పని చేశాం. ఇంత విశ్వాసం చూపినవాళ్లం, మా గోదావరిఖని పిల్లలకు, మా మంచిర్యాల పిల్లలకు, మా జైనూరు పిల్లలకు ఏడాదికి ఒక్క మ్యాట్ క్యాంపు పెట్టండి అని అడిగిన పాపాన పోయామా?

క్రమశిక్షణ సంగతికి వద్దాం. ఆట ఆడేవాడికి మూడు రంగుల కార్డులున్నాయి. ఆకుపచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డుకు రెండు నిమిషాలు బయట, ఎర్ర కార్డుకు ఇంటికే. ఆటను ఏలేవాళ్లకు ఏ రంగు కార్డుంది? భారత కబడ్డీ సమాఖ్యను జనార్దన్ సింగ్ గెహ్లోత్ 1984 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు ఏలారు. దిగేటప్పుడు జీవితకాల అధ్యక్షుడయ్యారు, కుర్చీలో ఆయన భార్య కూర్చున్నారు. అది చెల్లదని చెప్పి పరిపాలకుణ్ని పెట్టడానికి 2018లో ఢిల్లీ హైకోర్టు పూనుకోవాల్సి వచ్చింది. ఆటగాణ్ని పంపడానికి ఒక పూట, ఒక పోస్టు చాలు. అధ్యక్షుణ్ని పంపాలంటే కోర్టు మెట్లెక్కాలి, ఏళ్లు పట్టాలి.

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. ఆదివారం వస్తే వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ ముందర కూర్చుంటాడు. అదీ దేవుళ్ల ఆటేం కాదు, యజమానుల పెత్తనం మనకంటే ఎక్కువే. అయినా అక్కడ రూలు మారాలంటే 32 జట్లలో 24 ఒప్పుకోవాలి, ఎవరు ఏం ప్రతిపాదించారో జనానికి ముందే తెలుస్తుంది. డెషాన్ వాట్సన్ అనే ఆటగాడి మీద ఆడవాళ్లతో తప్పుగా ప్రవర్తించాడని ఆరోపణలొస్తే, 2022లో ఒక రిటైర్డ్ జడ్జి విచారించి, కారణాలు రాసి, 6 మ్యాచ్‌ల నిషేధం వేశారు. అది చాలదని లీగ్ అప్పీలుకు పోయింది. చివరికి 11 మ్యాచ్‌లు, 50 లక్షల డాలర్ల జరిమానా దగ్గర తెగింది. శిక్ష తక్కువైందని అక్కడి జనం తిట్టారు. తిట్టడానికి వాళ్ల చేతిలో ఒక కాగితముంది. ఆటగాడి వెనక యూనియన్ ఉంది. కోట్లు పలికిన పవన్ విషయంలోనే మనకు రెండు ముక్కల పోస్టు తప్ప కాగితం దొరకలేదంటే, ఉట్నూరు పిలగాడి పక్కన రాసిన "అన్‌ఫిట్" అన్న మాటకు లెక్క ఎవడు చెబుతాడు?

పవన్ తప్పే చేసి ఉండొచ్చు. నాకు వాడు చుట్టం కాదు, పక్కం కాదు. తప్పు చేస్తే శిక్ష వేయండి, తప్పేమిటో రాసి వేయండి. రూలు మార్చండి, మార్చినదాన్ని సీజన్ మొదలుకాకముందే ప్రతి జిల్లా పీఈటీకి, ప్రతి అంపైరుకు తెలుగులో అచ్చేసి పంపండి. మ్యాట్ మీదే సెలక్షన్ అంటారా, ఆ మ్యాట్ ముందుగా మూడు నెలలు మా పిల్లల కాళ్ల కింద పరవండి.

కరీంనగర్, ఆదిలాబాద్ అభిమానులారా, మీ గొంతు పెద్దదని నాకు తెలుసు, ఆ రాత్రి విన్నాను. ఈసారి జిల్లా సెలక్షన్ల రోజు ఆ గొంతు పట్టుకుని మైదానానికి రండి. మట్టి మీదనా, మ్యాట్ మీదనా, ఏ రూలు ప్రకారమో ముందే అడగండి. జవాబు నోటితో చెబితే ఊరుకోకండి, కాగితం అడగండి.