వాయిద్యం లోపలికి, మనిషి బయటికి

జాజ్ రికార్డులు పోగేసుకోవడం, కచేరీలకు వెళ్లడం డబ్బున్నోళ్ల సరదా కదా సార్, ఉద్యమానికేం సంబంధం అని విద్యార్థులు అడుగుతుంటారు. సంబంధం ఉంది.

హార్లెం నల్లజాతి ప్రజల పేట. అక్కడి కాటన్ క్లబ్‌లో 1927 నుంచి డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వాయించింది. వేదిక మీద నల్లవాళ్లు, కుర్చీల్లో తెల్లవాళ్లు. 1959 ఆగస్టులో మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' వచ్చింది. రికార్డులు సేకరించేవాళ్లలో చాలామంది ఇవాళ్టికీ ముందు వెతికేది దాన్నే. అదే నెలలో, న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్ ముందు కాసేపు నిలబడ్డ ఆయన తల పోలీసులు పగలగొట్టారు. ఆ రోజుల్లో లోపల వాయిస్తున్నది ఆయనే!

డప్పు ఊరేగింపు ముందుండాలి, కొట్టినోడు గుడి బయటుండాలి అనే ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఇది విడమరిచి చెప్పాలా?

అలాగని వినడం మానొద్దు. తనివితీరా వినండి. అప్పటికప్పుడు పుట్టి, మళ్లీ అలాగే రాని వాయింపు కోసం కచేరీకి వెళ్లండి. రికార్డు కొంటే అట్ట తిప్పి, వాయించిన ప్రతి ఒక్కరి పేరూ చదవండి. అవమానాల మధ్య వాళ్లు కట్టుకున్న ఆనందం అది. ఆనందం మన హక్కు కూడా. దాన్ని చరిత్రతో సహా అందుకుందాం.

జై భీమ్.