చెట్టెక్కే తాడు దగ్గర మాత్రం "సహజం" అని పట్టుబట్టొద్దు

పైనున్న వీడియోలో మా కుర్రాళ్ళు మామిడి చెట్టు మీద తాడుకి వేలాడుతూ ఎండుకొమ్మలు కోయడం చూశారు కదా. అది పెట్టిన దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. అందరూ నడుము దగ్గరున్న ఆ పరికరం గురించే అడుగుతున్నారు. ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది, నేర్చుకోడానికి ఎన్నాళ్ళు పడుతుంది అని. తాడు గురించి అడిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళలో ఒక పెద్దాయన మాత్రం గట్టిగానే అడిగారు: "మనం ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళం గదా నాయనా, మళ్ళీ ఆ ప్లాస్టిక్ తాడెందుకు? కొబ్బరి పీచుదో, జనపనారదో వాడొచ్చు గదా?"

వాడకూడదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా.

ముందు ఆ పరికరం పనేంటో చూద్దాం. మేం వాడేది పెట్జెల్ వాళ్ళ జిగ్‌జాగ్. గొలుసు లింకుల్లాంటి లోహపు ముక్కలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి, వాటి మధ్య నుంచి తాడు వెళ్తుంది. మన బరువు పడగానే ఆ ముక్కలు అటూ ఇటూ వంకర తిరిగి తాడుని నొక్కి పట్టుకుంటాయి. పైనున్న మీట నొక్కితే పట్టు సడలి మెల్లగా దిగుతాం. అంతకుముందు ఇదే పనిని సన్న తాడుతో వేసే ప్రూసిక్ లాంటి ముడి చేసేది. తాడు చెట్టు పంగలో నుంచి రెండు పేటలుగా వేలాడుతుంది, మనిషి ఒక పేట మీద పరికరంతో పైకి జరుగుతాడు. కాబట్టి పంగ ఉన్న చెట్లకే ఇది పనికొస్తుంది: చింత, మామిడి, వేప, పనస. కొబ్బరికీ తాటికీ ఇది కాదు, వాటి పద్ధతి వేరే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పరికరం పట్టుకునేది తాడు మొత్తాన్ని కాదు, పై తొడుగుని మాత్రమే. చెట్లెక్కడానికి చేసిన తాడు రెండు భాగాలుగా ఉంటుంది. లోపల పోగుల కట్ట, పైన దాన్ని బిగుతుగా అల్లిన తొడుగు. కెర్న్‌మాంటిల్ అంటారు. బరువులో ఎక్కువ భాగం లోపలి కట్ట మోస్తుంది, రాపిడి అంతా పై తొడుగు భరిస్తుంది. తొడుగు వదులుగా ఉంటే పరికరం దాన్ని పట్టుకునే ఉంటుంది గానీ, తొడుగే లోపలి కట్ట మీద చొక్కా చెయ్యిలా జారుతుంది. అందుకే కొత్త తాడు తెచ్చాక తయారీదారు కాగితంలో చెప్పిన ప్రకారం ఒక రోజు నీళ్ళలో నానబెట్టి నీడలో ఆరబెడతాం. నైలాన్ తాడైతే కొంచెం కుంచించుకుని, తొడుగు బిగుస్తుంది. అప్పుడే కొలత వేసుకోవాలి. కొన్న రోజు పొడవు వేరు, తడిసి ఆరాక పొడవు వేరు.

పీచు తాడులో ఈ ఏర్పాటేదీ లేదు. మూడు పేటలు కలిపి పేనినది, మిట్టపల్లంగా ఉంటుంది. ఒకచోట లావు, ఒకచోట సన్నం. లావున్నచోట పరికరం ఇరుక్కుంటుంది, సన్నమున్నచోట జారుతుంది. పైగా నూగు లేచి లింకుల మధ్య చేరుతుంది. ఇవన్నీ కంటికి కనిపించేవి. కనిపించనిది ఇంకోటుంది: నార తాడు లోపల్నుంచి కుళ్ళుతుంది, పైకి మాత్రం బాగానే ఉన్నట్టుంటుంది. మనం జీవామృతం పోసి, ఆకులు కప్పి నేలలో ఏది జరగాలని కోరుకుంటామో అదే పని. సూక్ష్మజీవులు నారని తినెయ్యడం. అది నేలలో జరిగితే ఎరువు, తాడులో జరిగితే మనిషి పడతాడు.

మరి మోకు సంగతేంటి, తాతల కాలం నుంచి తాళ్ళెక్కుతున్నారు గదా అంటారు. నిజమే. గీత కార్మికుడి మోకు అంటే నాకు గౌరవం. కానీ అది చెట్టు మానుని చుట్టుకుని, మానుకీ మనిషికీ మధ్య ఒరిపిడితో పట్టుకుంటుంది. ఇనుప పంటి మధ్య నలగడానికి చేసింది కాదు. ఏ రోజుకారోజు చేత్తో తడిమి, ఎక్కడ అరిగిందో తెలిసినవాడు దాన్ని వాడతాడు. అలాంటివాళ్ళే పడి నడుములు విరగ్గొట్టుకుంటున్నారని 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. మరి మన తోటకి వచ్చి చింతకాయ దులిపే మనిషికి కిట్టు ఎవరిస్తారు? ఆ మాటకి చివర్లో వస్తా.

పీచు తాడు వద్దన్నానని బోరు మోటారుకి కట్టే తాడు తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. అది ఇంకా ప్రమాదం. అంగట్లో "నైలాన్ తాడు" అని ఇచ్చేది చాలాసార్లు నైలాన్ కాదు, పాలిప్రొపిలీన్. ఎండకి పెళుసవుతుంది. దాదాపు 165 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. నైలాన్ అయితే రకాన్ని బట్టి 215 నుంచి 260 వరకు ఆగుతుంది, పాలిస్టర్ 250 పైన. మనిషి వేగంగా జారితే లోహం ఎంత వేడెక్కుతుందో చెయ్యి పెట్టి చూసినవాళ్ళకి తెలుసు. "రెండు టన్నులు మోస్తుందన్నా" అని అంగడాయన అంటాడు. మోస్తుంది, లారీ మీద కదలకుండా ఉన్న బస్తాల్ని. మనకి కావాల్సింది మోయడం ఒక్కటే కాదు. పరికరం పట్టుకోవాలి, వదలమంటే వదలాలి, మళ్ళీ పట్టుకోవాలి, రోజుకి కొన్ని వందల సార్లు.

ఇక ఏం కొనాలి. ముందు పరికరం మీద రాసింది చదవండి. జిగ్‌జాగ్‌కి 11.5 నుంచి 13 మి.మీ. తాడు. అదే కంపెనీ వాళ్ళ గ్రిగ్రి, రాళ్ళెక్కేవాళ్ళు వాడేది, 8.5 నుంచి 11 వరకు. చూడ్డానికి అన్నీ పట్టుకునే యంత్రాలే, కానీ ఒకదాని తాడు ఇంకోదానికి పనికిరాదు. వీడియో ఆరో నిమిషంలో 10 మి.మీ. తాడు జిగ్‌జాగ్‌లో పెట్టి నేల నుంచి అడుగెత్తులో వేలాడి చూపించాం. పట్టుకున్నట్టే పట్టుకుని మెల్లగా జారింది. అడుగెత్తులో అది తమాషా. నలభై అడుగుల్లో కాదు.

రెండోది, సాగుడు. ఈఎన్ 1891 అనే యూరప్ ప్రమాణం ఉంది, అందులో టైప్ ఏ తాడు తీసుకోండి. 50 కిలోల నుంచి 150 కిలోలకి బరువు పెంచితే 5 శాతానికి మించి సాగకూడదు, కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2,200 కిలోల లాగుడు తట్టుకోవాలి అని దాని నియమం. ముడి వేసినచోట ఆ బలం తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. రాళ్ళెక్కే డైనమిక్ తాడు బాగా సాగుతుంది. చెట్టు మీద దాంతో ప్రతి లాగుడుకీ ఊయల ఊగినట్టుంటుంది, రంపం పట్టుకున్న చెయ్యి నిలవదు. అయితే సాగని తాడుకి ఒక లోపముంది: పడితే దెబ్బని అది మింగదు, మన నడుం మింగుతుంది. కాబట్టి తాడు ఎప్పుడూ బిగువుగా ఉండాలి. వదులు తాడు పెట్టుకుని పంగ పైకి ఎక్కడం, ఎంత అనుభవం ఉన్నవాడైనా, నా తోటలో ఒప్పుకోను.

నకిలీ పట్టుకోవడానికి ఒక చిన్న కిటుకు. ఆ ప్రమాణం ప్రకారం చేసిన తాడులో, లోపలి పోగుల మధ్య పొడవునా సన్నని రిబ్బను ఉంటుంది. దాని మీద కంపెనీ పేరు, ప్రమాణం నంబరు, టైపు, తయారైన సంవత్సరం, ఏ పదార్థమో ముద్రించి ఉంటాయి. కొస దగ్గర చూపించమనండి. పైన స్టిక్కరు ఎవరైనా అంటిస్తారు, లోపల రిబ్బను పెట్టడం కష్టం.

నైలానా, పాలిస్టరా అంటే నా ఓటు పాలిస్టర్ తొడుగుకే. నైలాన్ నీళ్ళు పీల్చి, తడిసినప్పుడు బలంలో పదో వంతు పైనే పోగొట్టుకుంటుంది. మన తోటల్లో మంచులో, వానల తర్వాత పని తప్పదు. పొడవు మాత్రం కక్కుర్తి పడొద్దు. నలభై అడుగుల పంగ అంటే రెండు పేటలకి ఎనభై, ముడులకీ మిగులుకీ ఇంకొంత. మేం 35 మీటర్లది తీసుకున్నాం. కొసన ముడి తప్పనిసరి, లేకపోతే తాడు అయిపోయిన సంగతి గాల్లో తెలుస్తుంది.

తాడు పంగ మీద నేరుగా రాపిడి పడితే చెట్టు బెరడు లేచిపోతుంది. మామిడికైతే అక్కడే బంక కారడం మొదలు. రెండు రింగులున్న పట్టీ దొరుకుతుంది, కేంబియం సేవర్ అంటారు, అది పంగకి వేసి దాంట్లోంచి తాడు పోనివ్వాలి. చెట్టూ బాగుంటుంది, తాడూ బాగుంటుంది. చెట్టుని గాయపరచకుండా పని చేయడమే మన పద్ధతి అనుకుంటే అది ఇక్కడ చూపించాలి, పీచు తాడు దగ్గర కాదు.

రైతు ఇళ్ళలో తాడుకి శత్రువులు ఎక్కువ. బ్యాటరీ స్ప్రేయర్ పక్కనే తాడు చుట్ట పడేస్తారు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి కారిన చుక్క నైలాన్‌ని తినేస్తుంది, మచ్చ కూడా సరిగా కనపడదు. గాఢమైన క్షారం పాలిస్టర్‌కి పడదు, కాబట్టి సున్నం బస్తాకి కూడా దూరమే. మామిడి సొన, బంక అంటితే గట్టిపడి పరికరం అక్కడ పట్టదు. చల్లని నీళ్ళు, మామూలు మెత్తని సబ్బు, నీడన ఆరబెట్టడం. సర్ఫు, బ్లీచింగు వద్దు. తయారీదారు కాగితంలో లేనిది ఏదీ దానికి పట్టించొద్దు, అది ఎంత దేశీ వైద్యమైనా సరే. బిగువుగా ఉన్న తాడుకి రంపం అంచు తగిలితే చాలు, తెగిపోతుంది. అందుకే కోసేటప్పుడు తాడుతో పాటు నడుముకి రెండో కట్టు ఉండి తీరాలి. ఎక్కేముందు తాడంతా చేతుల్లోంచి పోనిచ్చి తడమండి. గట్టి ముద్ద, చదునైన చోటు, తొడుగు తెగి లోపలి తెల్ల పోగులు కనిపించడం, ఏది కనిపించినా ఆ తాడు పని అయిపోయింది. గట్టిగా ఒక్కసారి పడినా అంతే. మేం అలాంటి తాడుని రెండు గజాల ముక్కలు చేసి దూడలకి పలుపులు చేస్తాం. పొడవుగా ఉంచితే ఎవరో ఒకరు దాంతో ఎక్కేస్తారు.

ఇక ఆగిపోయిన మాట. పరికరానికి వేలకి వేలు పెట్టి, తాడు దగ్గరకొచ్చేసరికి "ఎక్కేవాణ్ణే తెచ్చుకోమను" అంటున్నారు కొందరు. దినకూలీకి వచ్చేవాడు అంగట్లో ఏది చవకో అదే తెస్తాడు, అది అతని తప్పు కాదు. తోట మనది, కాపు మనది. తాడు మనం కొని, మన ఇంట్లో మనం భద్రపరిచి, ఎక్కేముందు అతనితో కలిసి మనమూ తడమాలి. కొన్న తేదీ, ఎన్ని రోజులు వాడామన్నది జీవామృతం లెక్క రాసుకునే నోటుబుక్కులోనే ఒక పేజీలో రాయండి. ఒక్క తోటకి భారమైతే నలుగురు రైతులు కలిసి కొనండి. మా దగ్గర అలాగే నడుస్తోంది, ఈ ఎండాకాలం చింత దులపడానికి ఐదు తోటల మధ్య రెండు తాళ్ళు తిరుగుతున్నాయి, నోటుబుక్కు కూడా వాటితోనే తిరుగుతోంది.