డబ్బాటలు ఆగాయి సరే, ఆట తయారుచేయడం మన పిల్లలకు ఎవరు నేర్పుతారు?

కంప్యూటర్ గురించి కేంద్రం 2025లో రెండు నిర్ణయాలు తీసుకుంది. మనవాళ్ళు మొదటిదాని గురించే మాట్లాడుకున్నారు. ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. రమ్మీ యాప్‌లలో జీతం పోగొట్టుకున్నవారిని చూసిన వాళ్ళకు దీని అవసరం వివరించనక్కరలేదు. రెండోది అక్టోబరులో వచ్చింది. 2026-27 నుంచి మూడో తరగతి మొదలుకొని కృత్రిమ మేధ, కంప్యూటేషనల్ థింకింగ్ పాఠాలు పెడతామని కేంద్ర విద్యాశాఖ ప్రకటించింది. కంప్యూటర్‌కు అర్థమయ్యేలా ఒక పనిని మెట్లుమెట్లుగా విడగొట్టి ఆలోచించడమే ఆ రెండో మాటకు అర్థం.

ఈ రెండింటినీ కలిపి చూడాలని నా మనవి. చట్టం ఆటలన్నిటినీ కాదనలేదు. పందెం లేని ఆటలను ప్రోత్సహించడం కూడా దాని ఉద్దేశమే. అంటే ఆటలు తయారుచేసే పని మిగిలే ఉంటుంది. పైగా, మెట్లుమెట్లుగా ఆలోచించడం పిల్లవాడికి అలవాటు కావాలంటే చిన్న ఆట రాయించడం కంటే దగ్గర దారి లేదు. ఇది కొత్త సంగతి కాదు. 1973లో అమెరికాలో డేవిడ్ ఆల్ అనే ఆయన బేసిక్ భాషలో రాసిన 101 ఆటలను పుస్తకంగా తెచ్చారు. దాని తర్వాతి రూపం పది లక్షల ప్రతులు దాటింది. పిల్లలు పుస్తకం పక్కన పెట్టుకుని వరుస వరుసా టైపు కొట్టేవారు. ఎక్కడో ఒక కామా తప్పేది, ఆట నడిచేది కాదు. వెతికి దిద్దుకునేటప్పుడే అసలు చదువు వచ్చేది. మన దేశంలోనూ 1984-85లో కేంద్రం కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. అవి అందుకున్న బడులు తక్కువ, వాటితో తెలుగు చదివినవారు ఇంకా తక్కువ.

మన ఆటే ఒకటి తీసుకుందాం. అష్టాచెమ్మా కంప్యూటర్‌లో పెట్టాలనుకున్న పిల్లవాడు మొదట ఏం చేస్తాడు? ఒకటి నుంచి ఎనిమిది వరకు ఏదో ఒక అంకె ఇమ్మని అడుగుతాడు. అప్పుడు అయిదు, ఆరు, ఏడు కూడా పడతాయి. పక్కన కూర్చున్న బామ్మ వెంటనే అంటుంది, "గవ్వలకు ఏడెక్కడిదిరా?" అని. సరే, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది, ఈ అయిదింటిలో ఒకటి ఇమ్మంటాడు. ఈసారి అష్టా మరీ తరచుగా పడుతుంది. ఆట చప్పబడిపోతుంది. అప్పుడు కాగితం మీద లెక్క వేయాలి. నాలుగు గవ్వలు, ఒక్కొక్కటి వెల్లకిలా పడవచ్చు, బోర్లా పడవచ్చు. మొత్తం 16 విధాలు. రెండు రావడానికి 6 దారులు, ఒకటికి 4, మూడుకు 4. చెమ్మాకు ఒక్కటే, అష్టాకూ ఒక్కటే. (నిజమైన గవ్వ రెండు వైపులా సమానంగా పడదు, అది పై తరగతి లెక్క.) అంకెను అడగడం మాని నాలుగు గవ్వలను విడివిడిగా వేయించి లెక్కపెట్టమంటే ఆట సరిగ్గా నడుస్తుంది. పదకొండో తరగతిలో సంభావ్యత అని భయపెట్టే పాఠం ఇదే.

ఇప్పుడు మన సమస్య. కొత్త పాఠాలకు పుస్తకాలు ఇంగ్లీషులో, హిందీలో, ఆపైన రాష్ట్ర భాషల్లో రావచ్చు. తమిళనాడులో పన్నెండో తరగతికి పైథాన్ భాషను తమిళంలోనే నేర్పే పాఠ్యపుస్తకం ఇప్పటికే ఉంది. వారిని మెచ్చుకోవాలి. కానీ హోసూరులోని తెలుగు పిల్లవాడికి, బరంపురంలోని పిల్లవాడికి, బళ్ళారి పిల్లవాడికి తెలుగులో ఎవరు తెస్తారు? ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. వినతిపత్రాలు మనం ఇస్తూనే ఉండాలి. ఫైలు ఎంత నెమ్మదిగా నడుస్తుందో గుమాస్తాగా బతికినవాడికి వేరే చెప్పనక్కరలేదు. యానాం వారికి కార్యాలయాల్లో తెలుగు ఉంది కనుక వారి పరిస్థితి కొంత మెరుగు.

"కోడింగంతా ఇంగ్లీషే కదండీ, తెలుగు పుస్తకం ఎందుకు?" అని మన సంఘ సమావేశంలోనే అడిగారు. పైథాన్ తనకోసం అట్టిపెట్టుకున్న మాటలు 35. ఇఫ్, వైల్, ఫర్ లాంటివి. వాటిని వారంలో నేర్చుకోవచ్చు. మిగిలిందంతా వివరణే, ఎందుకిలా రాశాం, ఎక్కడ తప్పింది అని. ఆ వివరణ ఇంట్లో మాట్లాడే భాషలో ఉండాలి. ఇంకొకరు, కృత్రిమ మేధే ప్రోగ్రామ్ రాసిస్తుంది కదా అన్నారు. రాసిస్తుంది. అది ఇచ్చిన అష్టాచెమ్మాలో ఏడు పడితే పట్టుకోవడానికి గవ్వల లెక్క తెలిసినవాడు ఒకడు కావాలి.

ఒక చిక్కు మాత్రం దాచలేం. మన ఊళ్ళలో చాలామంది పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. తెలుగు చదవగల తాతగారికి కీబోర్డు రాదు. అందుకే ఈ పుస్తకం ఇద్దరు కూర్చుని చదివేదిగా ఉండాలి. ఒకరు చదవాలి, ఒకరు టైపు చేయాలి.

మొదటి నుంచి రాయనక్కరలేదు. అల్ స్వైగార్ట్ రాసిన 'ఇన్వెంట్ యువర్ ఓన్ కంప్యూటర్ గేమ్స్ విత్ పైథాన్' ఇంటర్నెట్‌లో ఉచితం. చాలా అధ్యాయాల్లో ఒక ఆట, పూర్తి ప్రోగ్రామ్, తర్వాత వరుస వరుసకూ వివరణ. అందులో మొదటి ఆట ఒకటి నుంచి ఇరవై లోపు అంకెను ఆరు ప్రయత్నాల్లో ఊహించేది. రచయిత పేరు చెప్పి, లాభానికి అమ్ముకోకుండా, అదే షరతుతో అనువదించుకోవచ్చని ఆయనే అనుమతి ఇచ్చారు. ఉగాది వేదిక అలంకరణకు మనం పెట్టే ఖర్చులో కొంత దీనికి పెడితే ముద్రణ కూడా అయిపోతుంది.

ఉత్త అనువాదం సరిపోదు. ఉదాహరణకు, పైథాన్ ప్రోగ్రామ్‌లో 'గవ్వలు' అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు, నడుస్తుంది. 'స్కోర్‌లు' అని పెడితే ఆగిపోతుంది. ర్ కింద ల వత్తు చేరకుండా మనం కొట్టే కనబడని గుర్తు ఒకటి మధ్యలో ఉంటుంది, అది పైథాన్‌కు పడదు. తెర మీద తప్పేమీ కనిపించదు. ఈ హెచ్చరిక ఇంగ్లీషు పుస్తకంలో దొరకదు, మనమే చేర్చాలి. పారిభాషిక పదాల పట్టుదల మాత్రం వద్దు. లూప్‌ను లూప్ అనే అందాం.

మా సంఘం తరఫున అంకె ఊహించే ఆట, అష్టాచెమ్మా, ఈ రెండు అధ్యాయాలు మొదలుపెడుతున్నాం. ఒడిశా, కర్ణాటక, మహారాష్ట్ర సంఘాల వారు తమ బడుల్లో ఈ మాటలకు ఒడియాలో, కన్నడంలో, మరాఠీలో ఏమంటున్నారో రాసి పంపితే ప్రతి అధ్యాయం చివర పట్టికగా వేస్తాం. పిల్లలు బడిలో వినేది ఆ మాటలే కదా.