వృద్ధాప్యంలో దిగులుకు మందుంది

వయసు మళ్లాక కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోవాలనే మాట మన ఇళ్లలో ఎంత పాతుకుపోయిందంటే, నిజంగానే ఓ మూల కూలబడి, అన్నం మానేసి, మనవలతో కూడా మాట్లాడని మనిషిని చూసి ఎవరూ కంగారుపడరు. పైగా "ఆవిడకి ఐహికం మీద ఆశ పోయింది" అని గౌరవంగా చెప్పుకుంటారు. వైరాగ్యం అబ్బిన మనిషి కంటినిండా నిద్రపోతాడు. ఈవిడకి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. "మీకు భారమయ్యాను, ఆ దేవుడు తీసుకుపోతే బాగుండు" అంటోంది. ఇది డిప్రెషన్ అనే జబ్బు.

వయసు పైబడినవారి స్థితిగతులపై 2017-18లో దేశమంతటా జరిగిన లాసీ సర్వేలో అరవై నిండినవారిలో 8.3 శాతం మందికి ఈ జబ్బు లక్షణాలు కనిపించాయి. తమకు డాక్టరు ఈ జబ్బు ఉందని చెప్పారన్నవారు 0.8 శాతమే.

మిగతావాళ్లకు దక్కేది తాయెత్తు, శనికి జపం, దిష్టి తీయడం. పెద్దవాళ్లు దిగులని చెప్పరు. కాళ్లు పీకుతున్నాయంటారు, గుండె దడంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఓ బీకాంప్లెక్స్ ఇంజెక్షన్, నిద్రమాత్రలు ఇస్తాడు. ఆ మాత్రల మత్తులో రాత్రి తూలిపడి తుంటి విరిగినవాళ్లున్నారు. థైరాయిడ్ లోపం, బి12 లోపం కూడా ఇలాగే మనిషిని కుంగదీస్తాయి. రక్తపరీక్షతో తేలే సంగతిని జాతకంలో వెతకడం ఎందుకు?

భర్త పోయిన స్త్రీల విషయంలో ఆచారమే జబ్బును పెంచి పోషిస్తోంది. బొట్టు తుడిచి, గాజులు పగలగొట్టి, ఎదురొస్తే అపశకునమని ముఖం తిప్పుకుంటారు. తన చేతుల్లో పెరిగిన మనవరాలి పెళ్లిలో అక్షతలు వేయనివ్వరు. మనిషిని ఇంతగా వెలివేసి, ఆమె కుమిలిపోతే పూర్వజన్మ కర్మ అంటారు. ఇది క్రూరత్వం. ఇందులో ఏ జన్మకూ బాధ్యత లేదు, బాధ్యత మనది.

వైద్యం అందని పండేమీ కాదు. గోవాలో దిగులు మొదలై ఇంకా ముదరని 181 మంది వృద్ధులపై జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. సగం మందికి, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు సమస్యల్ని ఒక్కొక్కటిగా పరిష్కరించుకోవడం, నిద్ర సరిచేసుకోవడం, షుగరు, బీపీ చూసుకోవడం నేర్పారు. ఏడాదిలో వారిలో డిప్రెషన్ వచ్చింది 4.4 శాతానికి. మిగతా సగంలో 14.4 శాతానికి. ఈ పని మన ఆశా కార్యకర్తలకు, పీహెచ్‌సీలకు నేర్పాలి.

జబ్బు ముదిరితే మందులున్నాయి. పెద్దవయసులో తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. వారం వాడి తగ్గలేదని మానేయకండి, తగ్గాక కూడా డాక్టరు చెప్పకుండా ఆపకండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు చావు మాట ఎత్తితే చాదస్తమని కొట్టిపారేయకండి, దగ్గర కూర్చుని అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.