ముందు రెండెకరాలు, ఆ తర్వాతే కప్పు

బిహార్‌లోని రాజగిర్ పేరు మన వాళ్లకు తీర్థయాత్రల బస్సుల వల్లే తెలుసు. బుద్ధుడూ మహావీరుడూ తిరిగిన కొండలు, వేడినీటి గుండాలు, ఒక పూట చూసి గయ బస్సెక్కేయడం. 2025 ఆగస్టు 9, 10 తేదీల్లో ఆ ఊళ్లోనే ఆసియా అండర్-20 రగ్బీ సెవెన్స్ పోటీలు జరిగాయి. చైనా, హాంకాంగ్, శ్రీలంక, ఉజ్బెకిస్థాన్ జట్లు వచ్చాయి. మన అమ్మాయిలు ఉజ్బెకిస్థాన్‌ను 12-5తో ఓడించి కాంస్యం గెలిచారు. ఇలాంటి పోటీ మన రాష్ట్రానికి ఎప్పుడొస్తుందని క్రీడాభిమానులు అడిగితే తప్పు పట్టలేం. అయినా మా జవాబు ఒకటే. ఇప్పుడే వద్దు. పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండ లాంటి మండల కేంద్రంలో రగ్బీ బంతి పట్టుకుని పరిగెత్తడానికి చోటు చూపించని ప్రభుత్వానికి అంతర్జాతీయ పోటీ అడిగే అర్హత లేదు.

రాజగిర్ కథను చివర నుంచి చదివితే స్టేడియమే కనిపిస్తుంది. దాదాపు 90 ఎకరాల క్రీడా ప్రాంగణం 2024లో తెరుచుకుంది. మొదటి నుంచి చదివితే పట్నా జిల్లా బాఢ్ దగ్గరి ఒక పల్లెలో అథ్లెటిక్స్ మానేసి రగ్బీ పట్టుకున్న స్వీటీ కుమారి కనిపిస్తుంది. ‘స్క్రమ్‌క్వీన్స్’ సంస్థ 2019లో ఆమెను ప్రపంచంలోని మేటి యువ క్రీడాకారిణిగా ఎంపిక చేసేటప్పటికి రాజగిర్‌లో ఆ స్టేడియం తలుపులు తెరుచుకోలేదు. ఒడిశాదీ ఇదే వరస. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే గిరిజన పిల్లలు 2007లో లండన్ వెళ్లి అండర్-14 పాఠశాలల రగ్బీ టోర్నీ గెలుచుకొచ్చారు. రెండుచోట్లా పిల్లలు ముందు ఆడారు, ఊరు తర్వాత గుర్తించింది, ప్రభుత్వం ఆఖర్న కదిలింది. మన దగ్గర ఈ వరసను తిరగేసి స్టేడియంతో మొదలుపెట్టడం అలవాటు.

ఆ అలవాటుకు మనం చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు ఉమ్మడి రాష్ట్రం ఘనంగా జరిపింది. కట్టినవాటిలో ఎక్కువ హైదరాబాద్‌లోనే కట్టింది. 2014లో రాష్ట్రం విడిపోతే అవి అక్కడే ఉండిపోయాయి, గోదావరి జిల్లాల పిల్లలకు మిగిలింది ఏమీ లేదు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ప్రపంచ స్థాయి షట్లర్ కావాలంటే హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి వెళ్లక తప్పలేదు. మొన్నటి ప్రభుత్వ క్రీడా పోటీలు ‘ఆడుదాం ఆంధ్రా’ 2023 డిసెంబరులో మొదలై వేసవి రాకముందే ముగిసింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం దాని ఖర్చుపై విచారణకు ఆదేశించింది. ఎవరి హయాంలో ఎంత తిన్నారన్నది ఆ విచారణ తేలుస్తుంది. అన్ని కోట్లు పోశాక ఊరికొక ఆట స్థలమైనా మిగిలిందా అన్నది మాత్రం రెండు ప్రభుత్వాలూ జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

ఇంతకీ సెవెన్స్‌ని పట్టుకుని ఎందుకు ఇంత పట్టుదల? ఆ ఆట గోదావరి డెల్టాకు సరిపోతుంది కాబట్టి. 1883లో స్కాట్లాండ్‌లోని మెల్‌రోజ్ అనే చిన్న ఊళ్లో క్లబ్బు ఖజానా ఖాళీ అయితే, నెడ్ హేగ్ అనే మాంసం కొట్టు కుర్రాడు డబ్బు కూడబెట్టే ఉపాయంగా దీన్ని ముందుకు తెచ్చాడు. పదిహేనుమందితో ఆడితే ఒక్కరోజులో అన్ని మ్యాచులు పూర్తికావని జట్టును ఏడుగురికి కుదించారు. సగానికి ఏడు నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. పావుగంటలో ఫలితం తేలిపోతుంది. రెండు రోజుల్లో ఒకే గ్రౌండ్‌లో టోర్నీ మొత్తం ఆడేయొచ్చు. సంక్రాంతి సెలవుల్లో కబడ్డీ పోటీలు పెట్టే ఊళ్లకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కబడ్డీ ఉండగా ఈ దొరల ఆట ఎందుకని అడిగేవాళ్లున్నారు. కబడ్డీ ఉంది కాబట్టే అడుగుతున్నాం. అక్కడా ఏడుగురే, ఇక్కడా ఏడుగురే. కూతకొచ్చినవాడి చీలమండ ఎప్పుడు అందుకోవాలో, తొడ పట్టు ఎక్కడ బిగించాలో గోదావరి జిల్లాల పిల్లలకు పదేళ్లకే తెలుసు. రగ్బీలో టాకిల్‌కు కావలసిన ధైర్యం అదే. తేడా ఒక్కచోట. కబడ్డీలో పట్టు సడలిందా, పాయింటు పోయినట్టే. రగ్బీలో బంతి ఉన్నవాణ్ని కింద పడేశాక వెంటనే వదిలి లేవాలి, వదలకపోతే పెనాల్టీ. ఆ ఒక్క అలవాటు మార్చుకోవడానికీ, బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలన్న సూత్రం ఒంటబట్టడానికీ నేర్పేవాడు కావాలి, ఆడి చూసుకోవడానికి స్థలం కావాలి. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ‘ట్రై’, అయిదు పాయింట్లు, ఆ తర్వాత గోల్‌పోస్టుల మధ్య నుంచి తన్నితే మరో రెండు. ఇదంతా హైస్కూల్ పిల్లలు ఒక్క సాయంత్రంలో పట్టేస్తారు.

జనాభా చాలదన్న సాకు ఎలాగూ కుదరదు. ఫిజీ జనాభా సుమారు 9 లక్షలు. ఆ దేశం 2016 రియోలో బ్రిటన్‌ను 43-7తో ఓడించి సెవెన్స్ స్వర్ణం గెలిచింది. ఏ ఆటలోనైనా ఫిజీకి అదే తొలి ఒలింపిక్ పతకం. ఆ సంతోషంలో ఆ దేశ రిజర్వు బ్యాంకు ఏకంగా ఏడు డాలర్ల నోటు అచ్చేసింది. టోక్యోలో మళ్లీ స్వర్ణం, పారిస్‌లో ఫ్రాన్స్ చేతిలో ఓడి రజతం. 2011 లెక్కల్లో మన ఉమ్మడి పశ్చిమ గోదావరి జనాభాయే 39 లక్షల పైచిలుకు. ఫిజీ మనకు పరాయి ద్వీపమూ కాదు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి చెరకు తోటలకు ఓడలెక్కిన కూలీల్లో గోదావరి, విశాఖపట్నం జిల్లాల వాళ్లు ఉన్నారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. కాకపోతే వాళ్లు రగ్బీకన్నా ఫుట్‌బాల్‌ వైపే ఎక్కువగా వెళ్లారు. తెల్లదొరలు కూలీ లైన్లను ఫిజియన్ల ఊళ్లకు దూరంగా ఉంచారు, ఆటలూ అలాగే విడిపోయాయి. ఎవరు ఏ ఆట ఆడతారన్నది రక్తంలో ఉండదు, వాళ్లకు ఏ గ్రౌండ్ దొరికిందన్న దానిలో ఉంటుంది.

మన దగ్గర ఆ గ్రౌండే లేదు. సెవెన్స్‌కు గీత నుంచి గీతకు వంద మీటర్లు, వెడల్పు డెబ్బై. అటూ ఇటూ ట్రై చేసే చోటు కలుపుకుంటే రెండెకరాలు, లేదంటే ఇంకాస్త. సెంటు భూమి కోసం కోర్టుకెక్కే డెల్టాలో రెండెకరాలు చిన్న మాట కాదన్నది నిజమే. కానీ భూమి లేదంటే నమ్మలేం. సంక్రాంతికి కోడిపందేల బరులు ఎలా వెలుస్తున్నాయో జిల్లా అంతటికీ తెలుసు. నాలుగు రోజుల్లో నేల చదునవుతుంది, గ్యాలరీలు లేస్తాయి, ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి, ఎల్‌ఈడీ తెరలు కూడా వచ్చేస్తాయి. వీఐపీలకు సోఫాలు వేరే. చట్టం ఒప్పుకోని పనికి ఇంత సరంజామా దొరుకుతుంటే, బడిపిల్లల ఆటకు మాత్రం నిధుల్లేవంటారు. ఇక ఉన్న హైస్కూల్ గ్రౌండ్ల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. సభ జరిగితే షామియానా గుంజల గుంతలు అలాగే మిగులుతాయి. ఎగ్జిబిషన్ వస్తే నెల రోజులు ఆట బంద్. ఆగస్టులో మోకాలి లోతు నీళ్లు. డెల్టా నల్లమట్టి ఎండితే ఇనుము, తడిస్తే జారుడు. ఆ నేల మీద టాకిల్ చేయమంటే పిల్లల భుజాలు మిగలవు. మట్టి తోలించి మెరక చేసి, పక్కన బోదె తవ్వి, గడ్డి పెంచడం ఇక్కడి రైతుకు చేతకాని విద్యా?

2024లో తెచ్చిన రాష్ట్ర క్రీడా విధానం ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు ప్రకటించింది. ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. రెండూ మంచివే, కాదనం. అయితే పతకం తెచ్చాక ఏమిస్తామన్నది ఇంత స్పష్టంగా రాసినవాళ్లు, పన్నెండేళ్ల పిల్ల మొదటిసారి ఎక్కడ ఆడాలన్నది అంతే స్పష్టంగా రాసి ఉండాల్సింది. 7 కోట్లు ఎవరికో ఒకరికి, ఎప్పుడో ఇవ్వాల్సిన డబ్బు. మండలానికో గ్రౌండ్ ఈ ఏడాది బడ్జెట్‌లో చూపించాల్సిన పద్దు.

ఫ్రాంచైజీల వెలుగు చూసి మురిసిపోవడమూ అనవసరం. 2025 జూన్‌లో ముంబైలో తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. మన రాజాంలో పుట్టిన జీఎంఆర్ సంస్థే రగ్బీ ఇండియాతో కలిసి దాన్ని నడిపింది. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. ఫైనల్లో చెన్నై బుల్స్ 41-0తో ఢిల్లీ రెడ్జ్‌ను చిత్తుచేసింది. విదేశీ మేటి ఆటగాళ్ల పక్కన మన కుర్రాళ్లకు ఆడే అవకాశం రావడం మేలే. కానీ జెర్సీ మీద తెలుగు నగరం పేరు ఉన్నంత మాత్రాన తెలుగు నేల మీద ఆట ఉన్నట్టు కాదు. లీగ్ నడిపేవాళ్లకు నిజంగా ఇటు చూపుంటే, సీజన్ లేని నెలల్లో కోచ్‌లను జిల్లాలకు పంపాలి.

తల్లిదండ్రుల భయాన్ని మేం కొట్టిపారేయం. ఇది దెబ్బలు తగిలే ఆట, తలకు తగిలే దెబ్బ మరీ ప్రమాదం. కాబట్టి చిన్న తరగతులకు తాకితే చాలనే టచ్ రగ్బీయే నేర్పాలి. శిక్షణ పొందిన కోచ్, ప్రథమ చికిత్స తెలిసిన మనిషి లేనిచోట టాకిల్‌ను అనుమతించకూడదు. తల దిమ్మెక్కిన పిల్లను ఆ రోజు మళ్లీ దింపకూడదు. పీఈటీ పోస్టులు ఖాళీగా ఉంచి, లెక్కల మాస్టారికి విజిల్ ఇచ్చి ఆడించే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

పెనుగొండతో మొదలుపెట్టి ఆచంట, తణుకు, పాలకొల్లు దాకా జిల్లా పరిషత్ హైస్కూళ్లను ఒక లీగ్‌గా కట్టండి. ముందు ఆడపిల్లలతోనే మొదలుపెట్టండి, ఈ ఆటలో దేశానికి పేరు తెస్తున్నది వాళ్లే. గ్రౌండ్లను సభలకూ ఎగ్జిబిషన్లకూ అద్దెకివ్వడం జిల్లా కలెక్టర్ ఒక్క ఉత్తర్వుతో ఆపేయొచ్చు, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. మూడేళ్లు ఆ లీగ్ ఆగకుండా నడిచాకే ఆసియా రగ్బీకి ఆతిథ్యం కోసం ఉత్తరం రాయండి. అంతవరకూ ఆ ఫైలు అమరావతిలో కదలడానికి వీల్లేదు.