నషా, ఖుమార్, మన శిక్షలు

ఉర్దూ కవిత్వంతో కొద్దిపాటి పరిచయమున్న వారికి కూడ నషా, ఖుమార్ అనే రెండు మాటలు తెలిసే ఉంటాయి. ఈనాటి సినిమా పాటలలో ఈ రెంటినీ కలగాపులగం చేస్తున్నారు గాని, పూర్వకవులు వీటి భేదాన్ని ఎరిగి ప్రయోగించారు. నషా అంటే మత్తు ఎక్కినప్పటి స్థితి. ఖుమార్ అంటే అది దిగిపోతున్నప్పటి స్థితి. తలభారం, ఒళ్లు విరుపులు, నిస్పృహ, మళ్లీ ఒక్క గుక్క దొరికితే చాలుననే తహతహ, అన్నీ అందులోనివే. తెలుగులో మత్తు ఉంది, కైపు ఉంది, నిషా ఉంది. రెండవ స్థితికి మాత్రం సరితూగే మాట వెంటనే స్ఫురించదు. మాట లేకపోవడం వల్లనే కాబోలు, మాదకద్రవ్యాలపై మన వేదికల మీద జరిగే ఉపన్యాసాలన్నీ మొదటి స్థితి దగ్గరే ఆగిపోతాయి. యువకులు సుఖలాలసతో చెడిపోతున్నారని చెప్పి వక్త కూర్చుంటాడు. ఖుమార్ సంగతి ఎవరూ ఎత్తరు.

ఈ ప్రసంగం ఇప్పుడెందుకని పాఠకులు అడుగవచ్చు. గంజాయితోనో, మత్తుమాత్రలతోనో పట్టుబడిన విద్యార్థి పేరు హాజరుపట్టీ నుండి కొట్టివేసి, టి.సి. చేతికిచ్చి పంపడమే అనేక కళాశాలలు ఎరిగిన ఏకైక చికిత్స. తల్లిదండ్రులూ, కమిటీ పెద్దలూ, అధ్యాపకులలో చాలమందీ దీనిని హర్షిస్తారు. నేను దీనికి వ్యతిరేకిని. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా గడచిన డెబ్బయి ఏండ్లలో శాస్త్రజ్ఞులు ఈ విషయమై కనుగొన్న సంగతులు చదివితే, ఈ శిక్ష రోగాన్ని పెంచేదే గాని తగ్గించేది కాదని సామాన్యునికి సైతం బోధపడుతుంది.

1954లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలుక మెదడులో ఒకానొక చోట సన్నని తీగ అమర్చి, ఎలుక మీట నొక్కినప్పుడల్లా స్వల్ప విద్యుత్తు అక్కడికి ప్రసరించేట్లు ఏర్పాటు చేశారు. ఎలుక ఆ మీటను గంటకు వందలసార్లు నొక్కసాగింది. మెదడులో సుఖకేంద్రం దొరికిందని లోకం సంబరపడింది. డోపమిన్ అనే రసాయనం సుఖాన్నిస్తుందనే మాట తరువాత వార్తాపత్రికల దాకా వ్యాపించింది.

అసలు సంగతి అంత తేలిక కాదు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ ప్రభృతులు డోపమిన్ దాదాపు నశించిన ఎలుకలను పరిశీలించారు. అవి తమంతట తాము ఆహారం వైపు కదలవు. ఎదురుగా తిండి పెట్టినా పస్తుండి కృశిస్తాయి. కాని నాలుకపై చక్కెరనీరు చిలకరిస్తే మాత్రం ఎప్పటివలెనే చప్పరిస్తాయి! రుచి పోలేదు, యావ పోయింది. అంటే డోపమిన్ పని సుఖం పంచడం కన్న ముఖ్యంగా కోరికను రగిలించడమన్నమాట. మత్తుపదార్థాలు ఈ డోపమిన్‌ను సహజమైన హద్దులు దాటించి ప్రసరింపజేస్తాయి. అలవాటు ముదిరేకొద్దీ యావ పెరుగుతూ పోతుంది, రుచి మాత్రం పెరగదు. “నాలుక పీకుతోంది” అని మన పల్లెల్లో తాగుడు మరిగినవారు చెప్పుకునే మాటలో సుఖం ప్రసక్తే లేదని గమనించండి. ఆ మాట పుట్టించినవారు ఏ ప్రయోగశాలకూ పోలేదు.

ఇక ఖుమార్ విషయం. 1974లో రిచర్డ్ సాలమన్, జాన్ కార్బిట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. తీవ్రమైన ప్రతి అనుభూతికీ దేహం ఒక వ్యతిరేకానుభూతిని లేవదీసి సమతూకం కాపాడుకోవాలని చూస్తుందట. మొదట్లో ఆ ప్రతిక్రియ బలహీనం. అభ్యాసం కొద్దీ అది త్వరగా వచ్చి, బలపడి, ఆలస్యంగా పోతుంది. తొలినాళ్లలో నషా నాలుగు గంటలు, ఖుమార్ ఒక గంట అనుకుంటే, కొంతకాలానికి లెక్క తారుమారవుతుంది. ఆపై జార్జ్ కూబ్ మొదలైనవారు దీనికి మెదడులోని ఆధారాలు చూపారు. 1981లో వైలీ వేల్ బృందం కనుగొన్న కార్టికోట్రోపిన్ రిలీజింగ్ ఫాక్టర్ అనే పదార్థం ఉన్నది. ఆపద ఎదురైనప్పుడు, అవమానం జరిగినప్పుడు, పరీక్ష తప్పుతానేమోనని భయపడినప్పుడు మనలో ఆందోళన రేపే రసాయనాలలో అది ముఖ్యమైనది. మందు దిగిపోతున్న వ్యసనపరుని మెదడులో కూడ అదే విజృంభిస్తుంది. వ్యసనానికీ మనోవేదనకూ మధ్య ఉన్న దారి ఇదే. కష్టం మరవడానికి తాగినవాడు, తాగడం వల్లనే కష్టాన్ని మరింత తీవ్రంగా అనుభవించే మెదడును తయారు చేసుకుంటున్నాడు. సుఖం కోసం మొదలైనది, చివరకు సాధారణ మానవునివలె ఒక పూట గడపడం కోసం సాగుతుంది.

ఇందుకు నిదర్శనం కోసం విదేశాల దాకా పోనక్కరలేదు. తెలంగాణలో చాల చోట్ల కల్లులో అల్ప్రాజోలం, డయజిపాం వంటి మత్తుమందుల పొడి కలిపి అమ్మడం అందరెరిగిన రహస్యం. పగలంతా రెక్కలు ముక్కలు చేసుకున్న కూలీలు ఒళ్లునొప్పులు మరచి నిద్రపోవడానికి తాగే కల్లు అది. తాము మింగుతున్నది మాత్రల పొడి అని వారిలో అనేకులకు తెలియదు. 2015లో కల్తీకల్లుపై దాడులు జరిగి సరఫరా హఠాత్తుగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలలో ఆస్పత్రులు నిండిపోయాయి. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చిగా మాట్లాడటం, మూర్ఛలు. కల్తీని అరికట్టడం న్యాయమే. కాని, అలవాటుపడిన దేహాల నుండి ఒక్కరోజులో దానిని లాగివేస్తే ఏమవుతుందో ముందు ఆలోచించినవారు లేకపోయారు. మన కళాశాలల శిక్షలలో కూడ ఈ ఆలోచనే కొరవడుతున్నది.

శిక్ష వలన భయపడి మానుతాడు గదా అని ఆక్షేపించేవారున్నారు. 1995లో యావిన్ షాహమ్, జేన్ స్టువర్ట్ ప్రకటించిన ఒక ప్రయోగం వారికి వినిపించదగినది. హెరాయిన్ కోసం మీట నొక్కడం నేర్చిన ఎలుకలకు మందు రాకుండా చేయగా, క్రమంగా అవి నొక్కడం మానుకున్నాయి. ఆ తరువాత వాటి పాదాలకు కొద్దిసేపు చిన్న విద్యుత్ఘాతం తగిలించారు. మందు ఇవ్వలేదు, చూపనూ లేదు. బాధ మాత్రమే కలిగించారు. వెంటనే అవి తిరిగి మీట వద్దకు పోయాయి. మానిన వ్యసనాన్ని మేల్కొలపడానికి మందే చూపనక్కరలేదు, మనోవ్యథ చాలు. టి.సి. చేతబట్టుకుని ఇంటికి పోయే పిల్లవానికి తండ్రి ముఖం, ఇరుగుపొరుగు గుసగుసలు, మసీదు వద్ద పెద్దల చూపులు ఎదురవుతాయి. ఆ రాత్రి వాని కాళ్లు ఎటు నడుస్తాయని మనం ఆశిస్తున్నాం?

దీనికి భిన్నమైన మరొక దృష్టాంతమున్నది. 1971 ప్రాంతంలో వియత్నాం యుద్ధభూమిలోని అమెరికన్ సైనికులలో దాదాపు అయిదింట ఒకడు నల్లమందు, హెరాయిన్ జాతి మందులకు బానిస అయినాడని తేలి ప్రభుత్వం కలవరపడింది. తిరిగి వచ్చినవారిని లీ రాబిన్స్ అనే విదుషి శ్రద్ధగా అనుసరించి పరిశీలించింది. అక్కడ బానిసలైన వారిలో స్వదేశం చేరిన తొలి సంవత్సరంలో మళ్లీ బానిసలైనవారు ఇంచుమించు ఇరవై మందికి ఒకరు మాత్రమే. వారిలో చాలమందికి దీర్ఘకాల చికిత్స జరుగలేదు. పాతవన్నీ పోయి ఇల్లు, పని, భార్యాబిడ్డలు, తెలిసిన వీధులు దొరికాయి. ప్రతి వ్యసనపరునికీ ఇంత సులభంగా విముక్తి లభిస్తుందని నేననను. యుద్ధభూమి వేరు, మన వీధి వేరు. అయినా మనిషి చుట్టూ ఉన్న బ్రతుకు మారితే మెదడు కూడ మారుతుందని ఇంతకన్న పెద్ద సాక్ష్యం అరుదు. కళాశాల మనవాడికి ఆ బ్రతుకులో సగం. దానినే ముందుగా లాగివేస్తున్నాం.

మా వాళ్లలో కొందరికి ఇది ధర్మవిరుద్ధమైన మెతకదనంగా తోచవచ్చు. మత్తు హరాం అన్న విషయంలో నాకు లేశమాత్రమైనా సందేహం లేదు. కాని, మద్యనిషేధం ఒక్కరోజులో అవతరించలేదని మన వ్యాఖ్యాతలందరూ చెబుతారు. మొదట దానిలో మేలు కన్న కీడు ఎక్కువని, ఆ తరువాత మత్తులో నమాజు దరి చేరరాదని, చివరకు సంపూర్ణ నిషేధమని దశలవారీగా వచ్చింది. అలవాటు పడిన సమాజాన్ని నడిపించడంలో అంతటి ఓర్పు పాటింపబడినప్పుడు, పంతొమ్మిదేండ్ల పిల్లవానికి ఆరు నెలలు గడువు ఇవ్వడానికి మనమెందుకు వెనుకాడాలి?

చట్టం కూడ మనకన్న దయ గలది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64-ఎ అనే సెక్షను ఉన్నది. స్వల్ప పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు గల చోట చికిత్స పూర్తి చేసుకుంటే, అతనిని ప్రాసిక్యూషన్ నుండి మినహాయించవచ్చును. ఒక నేరచట్టం ఇచ్చే అవకాశాన్ని ఒక విద్యాలయం ఇవ్వలేకపోవడం వింత. అమ్మేవాని మాట వేరు. వాడిని పోలీసులకు అప్పగించడంలో నాకు అభ్యంతరం లేదు. ఒకని వల్ల పదిమంది చెడతారన్న భయం కూడ నిరాధారం కాదు. కాని గేటు బయటకు నెట్టినంత మాత్రాన వాడు ఆ పదిమందికి దూరం కాడు; గేటు బయటి టీ కొట్టు దగ్గరే నిలుస్తాడు, ఈసారి చేయడానికి మరే పనీ లేకుండా.

చికిత్స మాత్రం ఎందరికి అందుతున్నది? ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహణలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైనవారిలో ప్రతి 38 మందికి ఒక్కడే ఏదో ఒక చికిత్స పొందినవాడు. కళాశాల నుండి పంపివేయబడినవాడు ఆ ఒక్కడు కావడం కష్టం. కళాశాలలో పేరున్నవాడికి కొంత వీలుంది. అందుచేత నా సూచన చిన్నది. మొదటిసారి పట్టుబడిన విద్యార్థి పేరు కొట్టివేయరాదు. ప్రభుత్వాస్పత్రిలోని మానసిక వైద్యుని వద్దకు ఒక అధ్యాపకుడు వెంట వెళ్లాలి. చికిత్స సాగినంతకాలం హాజరు విషయంలో సడలింపు ఉండాలి, పరీక్ష ఫీజు గడువు కూడ పొడిగించాలి. ఈ సంగతి నోటీసుబోర్డుకు ఎక్కరాదు. నోటీసుబోర్డుకు ఎక్కవలసినది వేరొకటి ఉన్నది. మత్తు విడిపించే సలహాల కోసం కేంద్రప్రభుత్వం నడిపే 14446 అనే ఉచిత ఫోను నంబరును క్రీడా ఫలితాల పక్కన, అందరూ నిలబడి చదివే చోట అంటించాలి.